ఇంపాక్ట్ టెస్ట్ నార్మల్ వచ్చింది, పిల్ల మాత్రం మామూలుగా లేదు. సైకాలజిస్టు దగ్గరికి పంపాలా?

డబ్లిన్_నాన్న
మేం ఒహాయోలో ఉంటాం. మా అమ్మాయికి 19 ఏళ్లు, పక్క రాష్ట్రంలో కాలేజీ, సాకర్ టీమ్‌లో గోల్‌కీపర్. 24 రోజుల కింద ప్రాక్టీసులో బంతి కోసం దూకితే ఎదుటి అమ్మాయి మోకాలు కణతకు తగిలింది. స్పృహ తప్పలేదు, వాంతి కాలేదు. లేచి నిలబడి "స్కోరెంత, గెలుస్తున్నామా?" అని అడిగిందట. అది ప్రాక్టీసు, మ్యాచే కాదు. ట్రైనర్ వెంటనే పక్కన కూర్చోబెట్టాడు. కంకషన్ అన్నారు, అంటే తలకి తగిలిన దెబ్బకి మెదడు పని కొన్నాళ్లు తడబడటం. సీటీ స్కాన్ అక్కర్లేదన్నా మేం పట్టుబట్టి తీయించాం. నార్మల్.

మొన్న కంప్యూటర్ మీద ఇంపాక్ట్ అనే టెస్ట్ మళ్లీ పెట్టారు. సీజన్ ముందు రాసినప్పటి స్కోర్లకు దగ్గరగానే వచ్చాయట. హమ్మయ్య అనుకున్నాం. కానీ పిల్ల ఫోన్ ఎత్తదు. ఎత్తినా "ఊఁ", "సరే", అంతే. రోజుకు 12 గంటలు పడుకుంటోందని రూమ్మేట్ చెప్పింది. పోయిన వారం వెళ్లాం. వాళ్లమ్మ చేసి పట్టుకెళ్లిన పులిహోర ముట్టలేదు. కార్లో కూర్చుని కారణం లేకుండా ఏడ్చింది.

ఇప్పుడు టీమ్ డాక్టర్ న్యూరోసైకాలజిస్టు (మెదడు పనితీరునీ మనసునీ కలిపి పరీక్షించే సైకాలజిస్టు) దగ్గరికి పంపుతానంటున్నాడు. మూడు నాలుగు గంటల పరీక్షలట, డిప్రెషన్ ప్రశ్నలు కూడా ఉంటాయట. టెస్ట్ నార్మల్ వచ్చాక మళ్లీ ఇదెందుకు? మా ఆవిడేమో "దెబ్బ తలకి తగిలితే మనసు డాక్టరెందుకు, రేపు రికార్డుల్లో ఉండిపోతుంది" అంటోంది. పోనీ రిపోర్టు చూద్దామంటే అమ్మాయి సంతకం లేకుండా ఇవ్వరట. ఫీజు కట్టేది నేను!

బాబాయ్_కామెంటరీ
మన క్రికెట్లో తలకి దెబ్బ తగిలితే ఇంత గొడవ లేదు సార్. 2020లో కాన్‌బెర్రాలో జడేజాకి తగిలింది, బదులుగా చాహల్ వచ్చి మూడు వికెట్లు. 2025లో పుణేలో దూబేకి తగిలింది, హర్షిత్ రాణా వచ్చి మూడు వికెట్లు. దెబ్బ ఒకరికి, వికెట్లు ఇంకొకరికి.

నీలిమ_సియాటిల్
బాబాయ్, ఆయన టెన్షన్‌లో ఉంటే మీ స్కోర్‌కార్డ్ ఒకటి.

డబ్లిన్ గారూ, మా వాడికి హైస్కూల్లో ఇలాగే అయింది. మా వాషింగ్టన్ రాష్ట్రంలో 2009 నుంచి చట్టమే ఉంది, కంకషన్ అనుమానం వస్తే ఆట నుంచి తీసేయాలి, డాక్టర్ రాసిచ్చేదాకా తిరిగి దించకూడదు. 13 ఏళ్ల పిల్లాడు ఒకడు దెబ్బ తగిలాక మళ్లీ ఆడి ప్రాణం మీదికి తెచ్చుకున్నాక వచ్చిందది. మీ ట్రైనర్ వెంటనే కూర్చోబెట్టడమే పెద్ద అదృష్టం అనుకోండి.

డేటా_దొర
నా మాట చేదుగా ఉంటుంది. ఆ కంప్యూటర్ టెస్టులు వ్యాపారం. ఒకే మనిషి, ఏ దెబ్బా తగలకుండా, కొన్ని నెలల తేడాతో రెండుసార్లు రాస్తే స్కోర్లు సరిగ్గా కలవవు. దీని మీద పరిశోధకులే ఏళ్ల తరబడి కొట్టుకుంటున్నారు. "నార్మల్" అన్న మాటకి మీరు సంతోషించాల్సిందీ లేదు, "తగ్గింది" అంటే ఏడవాల్సిందీ లేదు.

ట్రైనర్_టెక్సాస్
దొర గారూ, సగం నిజమే చెప్పారు. మిగతా సగం నేను చెప్తాను, రోజూ ఆ గదిలో కూర్చునేది నేను కాబట్టి.

ఇంపాక్ట్ 25 నిమిషాల పని. మాటలు చూపించి గుర్తున్నాయా అని అడుగుతుంది, గీతల బొమ్మలు చూపిస్తుంది, రంగుల మీద, గుర్తుల మీద ఎంత త్వరగా నొక్కుతావో చూస్తుంది. చివర్లో జ్ఞాపకం, వేగం, స్పందన అంటూ కొన్ని స్కోర్లు ఇస్తుంది. 1990లలో పిట్స్‌బర్గ్‌లో పుట్టింది. 2016లో ఎఫ్‌డీఏ (మందులు, వైద్య పరికరాలకి అనుమతిచ్చే అమెరికా సంస్థ) అనుమతి వచ్చింది, అదీ డాక్టర్ చేతిలో ఒక సాయంగా వాడటానికి. ఇదొక్కటే చూసి ఎవరినీ మైదానంలోకి పంపకూడదు, మేం పంపం కూడా.

అసలు తలనొప్పి బేస్‌లైన్‌తో, అంటే పోల్చుకోవడానికి సీజన్ ముందే రాయించే టెస్ట్‌తో. ఆగస్టులో 40 మందిని ఒకే ల్యాబులో కూర్చోబెడతారు. ఒకడు నవ్వుతుంటాడు, ఒకడు రాత్రి రెండింటిదాకా గేమ్స్ ఆడి వచ్చి ఉంటాడు. కొంతమంది కావాలనే తక్కువ తెచ్చుకుంటారు, రేపు దెబ్బ తగిలినా తేడా కనిపించకుండా. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు పేటన్ మానింగ్ 2011లో తనూ అలా చేస్తానని చెప్పి, తర్వాత జోక్ చేశానన్నాడు. మా కుర్రాళ్లకి మాత్రం అది జోకు కాదు. మీ అమ్మాయి ఆ రోజు ఎలా రాసిందో అడిగారా?

డబ్లిన్_నాన్న
అడగలేదు. అసలు అలా చేస్తారనే తెలీదు.

కబడ్డీ_శీను
ఇక్కడ నేను నోరు విప్పాలి.

2009లో డిగ్రీ రెండో సంవత్సరం, ఇంటర్ యూనివర్సిటీ కబడ్డీ. రైడ్‌కి వెళ్లి వెనక్కి తిరిగే లోపల ఒకడు నడుం పట్టాడు, ఇంకొకడి మోకాలు చెవి పైన దిగింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ముఖం మీద నీళ్లు కొట్టారు, మెడ వెనక ఐస్ పెట్టారు, "ఏం కాలేదురా లే" అన్నారు. లేచాను. రెండో హాఫ్ మొత్తం ఆడానట. నాకు గుర్తులేదు. బస్సెక్కిందీ గుర్తులేదు. మూడు టచ్ పాయింట్లు తెచ్చానని వాళ్లు చెప్తే నమ్మాను.

ఊరొచ్చాక రెండు నెలలు నరకం. వెలుతురు చూస్తే తల పగిలేది. అమ్మ గిన్నె కింద పెట్టిన చప్పుడుకి అమ్మ మీద అరిచేవాణ్ణి. అంతకుముందు ఎప్పుడూ అరవని మనిషిని. పుస్తకంలో ఒక లైన్ చదివి రెండో లైన్‌కి వచ్చేసరికి మొదటిది పోయేది. మూడు సబ్జెక్టులు పోయాయి. సీటీ తీశారు, బాగానే ఉందన్నారు. ఆ సీటీ నార్మల్ అవడమే నా కొంప ముంచింది. "తలలో ఏం లేదట, చదవలేక నాటకాలు" అని ఇంటిల్లిపాదీ తేల్చారు. తాయెత్తు కట్టించారు. ఒక రోజు బావి గట్టు మీద కూర్చున్నాను, ఎందుకు కూర్చున్నానో ఇక్కడ రాయను. మా మేనమామ చూశాడు.

ఆయనే జిల్లా కేంద్రంలో మనసు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు. నాకు మందుల కంటే ముందు పనిచేసింది ఆ డాక్టర్ అడిగిన ఒకే ఒక్క ప్రశ్న: "దెబ్బ తగలకముందు నువ్వెలా ఉండేవాడివి?" అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఇప్పుడు స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, సాయంత్రాలు పిల్లలకి నేర్పిస్తాను. డబ్లిన్ సార్, మీ పాపను పంపండి. రేపే పంపండి.

నీలిమ_సియాటిల్
శీను గారూ, చదివి చాలాసేపు ఏం రాయాలో తెలియలేదు.

వాణి_క్లినిక్
నేను క్లినికల్ న్యూరోసైకాలజిస్టుని. ఆ అమ్మాయిని చూడకుండా ఆమె గురించి ఏమీ తేల్చను, పద్ధతి మాత్రం చెప్తాను.

ఆ టెస్ట్ చూసేది జ్ఞాపకం, వేగం. పిల్ల కార్లో ఎందుకు ఏడ్చిందో అది చెప్పలేదు. మీరు స్కోర్లు అడిగారు, లక్షణాల కాగితం అడగలేదు. మైదానంలో వాడే స్కాట్ అనే పరీక్షలో 22 లక్షణాలుంటాయి, ఒక్కోదానికి 0 నుంచి 6 మార్కులు, మొత్తం 132. తలనొప్పి, తల తిరగడం, వెలుతురు పడకపోవడం ఉన్నట్టే దిగులు, చిరాకు, ఆందోళన, ఊరికే కళ్లనీళ్లు రావడం కూడా అందులోనే ఉన్నాయి. అంటే 22లో నాలుగు మీ ఆవిడ చెప్పే 'మనసు' గురించే. ఆ జాబితా తయారుచేసినవాళ్లకి తలకీ మనసుకీ మధ్య గోడ కనపడలేదు. ఇంకో సంగతి, స్కాట్ మొదటి మూడు రోజుల్లో బాగా పనికొస్తుంది, వారం దాటితే దాని పదును తగ్గుతుంది. 24వ రోజున అది పెట్టి "బాగుంది" అంటే నేను ఒప్పుకోను. ఆ తర్వాత క్లినిక్‌లో వాడటానికి స్కోట్ అని వేరేది 2023లో వచ్చింది. అందులో ఆందోళన, దిగులు, నిద్ర గురించి కూడా విడిగా అడుగుతారు.

పెద్దవాళ్లలో చాలామందికి రెండు వారాల్లో, అటూ ఇటూగా, సర్దుకుంటుంది. నాలుగు వారాలు దగ్గరపడుతున్నా ఇలా ఉంటే వెతకాల్సినవి చాలా ఉన్నాయి: మెడ నొప్పి, కళ్ళు రెండూ కలిసి పనిచేయకపోవడం, లోపలి చెవి బ్యాలెన్స్, మైగ్రేన్, నిద్ర, మనసు. దెబ్బకు ముందే దిగులో ఆందోళనో ఉన్నవాళ్లు కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుందని పదే పదే తేలింది. ఇక మొదటి రోజుల్లో లక్షణాలు ఎంత తీవ్రంగా ఉన్నాయన్నది అన్నిటికంటే పెద్ద సూచన.

ఆ మూడు నాలుగు గంటల్లో ఏం చేస్తారంటే, మొదటి గంట మాటలే. చిన్నప్పుడు చదువెలా ఉండేది, ఇంతకుముందు దెబ్బలు తగిలాయా, టీమ్‌లో ఎవరితో పడదు, రాత్రి ఏం ఆలోచిస్తుంది. తర్వాత 15 మాటలు చదివి అయిదు సార్లు చెప్పించుకోవడం, అరగంట ఆగి మళ్లీ అడగడం. అంకెలు వెనక్కి చెప్పడం. కాగితం మీద 1 నుంచి ఏ కి, ఏ నుంచి 2 కి, 2 నుంచి బీ కి గీత గీయడం. చూడటానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, అలసిన మెదడుకి కొండెక్కినట్టు ఉంటుంది.

దిగులు ప్రశ్నాపత్రం విషయం మాత్రం జాగ్రత్త. అందరూ వాడే పీహెచ్‌క్యూ-9 లో తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27. అందులో నిద్ర, నీరసం, ధ్యాస నిలవకపోవడం కూడా మార్కులే. ఈ మూడూ కంకషన్ వల్లా వస్తాయి. 10 దాటింది కాబట్టి డిప్రెషన్ అని మొహం మీద ముద్ర వేస్తే తప్పు, "అదంతా కంకషనే" అని కొట్టిపారేస్తే ఇంకా పెద్ద తప్పు. ఏది దేనివల్లో ఎదురుగా కూర్చుని విడదీయాలి. ఆ పని కంప్యూటర్ చేయలేదు, అందుకే మనిషి దగ్గరికి పంపుతున్నారు. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఏది వచ్చినా మొత్తం ఎంతన్నది పక్కన పెట్టి అప్పుడే మాట్లాడాలి.

శీను గారూ, మీరు రాయనన్నది అర్థమైంది. చదివేవాళ్లలో ఎవరైనా ఆ గట్టు మీద ఉంటే, ఫోన్ చేసి మాట్లాడటానికి ఇండియాలో టెలీమానస్ హెల్ప్‌లైన్ 14416, అమెరికాలో 988. తెలుగులోనూ మాట్లాడతారు 14416లో.

డేటా_దొర
మేడమ్, మీ 15 మాటల పరీక్ష మాత్రం ప్రతిసారీ ఒకేలా వస్తుందా?

వాణి_క్లినిక్
రాదు. ఏ టెస్టూ రాదు. అందుకే ఒక్క టెస్ట్ మీద నిలబడం. జ్వరం చూడటానికి థర్మామీటర్ చాలు, జ్వరం ఎందుకొచ్చిందో చెప్పడానికి చాలదు.

డేటా_దొర
సరే, దీనికి నేను కట్టుబడతాను. కంపెనీల మీద కోపం మాత్రం తగ్గలేదు.

ఎఫ్1_కష్టాలు
నేను ఎమ్మెస్ స్టూడెంట్‌ని, వీకెండ్ క్రికెట్ లీగ్. మార్చిలో హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడి (తెలుసు, తిట్టకండి) తల పక్కన తగిలింది. స్క్రీన్ చూస్తే పది నిమిషాల్లో వాంతొచ్చినట్టు. కానీ కోర్సు తగ్గించుకుంటే వీసా పోతుందని భయపడి మొత్తం సెమిస్టర్ ఈడ్చాను. తర్వాత తెలిసింది, డాక్టర్ లెటర్ ఉంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే ఇంటర్నేషనల్ ఆఫీసు కోర్సు లోడ్ తగ్గించుకోనిస్తుంది, ఒక డిగ్రీకి మొత్తం మీద 12 నెలల దాకా. కాకపోతే ముందు వాళ్ల అనుమతి తీసుకుని తర్వాత కోర్సు వదలాలి. తిరగేస్తే అయిపోతాం. ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

బాబాయ్_కామెంటరీ
హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లోనా? నీకు దెబ్బ తగలకముందే టెస్ట్ పెట్టాల్సింది.

ఎఫ్1_కష్టాలు
తిట్టొద్దన్నా కదా బాబాయ్.

గుంటూరు_గిరిజ
అందరూ సైన్స్ చెప్తున్నారు, వాళ్ల ఆవిడ అడిగింది ఎవరూ ముట్టుకోలేదు. రికార్డు. రేపు సంబంధాలు చూసేటప్పుడు బయటపడితే? నవ్వకండి, మా బంధువుల్లో అయింది. మందులు వాడిందని తెలిసి నిశ్చితార్థం ఆగింది.

నీలిమ_సియాటిల్
ఆగిపోయి మంచిదే అయింది అంటాను నేను.

గుంటూరు_గిరిజ
మీరు సియాటిల్లో కూర్చుని అనగలరు. ఆ పిల్ల తల్లి అనలేకపోయింది.

ట్రైనర్_టెక్సాస్
ఇద్దరూ ఆగండి. రిపోర్టు సంగతి ఇదీ. ఇక్కడ 18 దాటితే అది పిల్లదే, తండ్రిది కాదు. ఫీజు ఎవరు కట్టారన్నది దానికి సంబంధం లేదు. తను ఒక కాగితం మీద సంతకం చేస్తే మీకు ఎంత చెప్పమంటే అంత చెప్తారు, మొత్తం ఫైలు ఇవ్వక్కర్లేదు. మీరు తండ్రిగా అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: కోచ్‌కి ఏం వెళ్తుంది? కోచ్‌కి "ఆడొచ్చు, ఆడకూడదు" అన్నది తెలిస్తే చాలు. మనసు ప్రశ్నలకి ఏం జవాబిచ్చిందో వెళ్లనక్కర్లేదు. ఎవరెవరు ఏం చూస్తారో పరీక్షకి ముందే అడిగి రాయించుకోమనండి. అది తెలియకపోతే పిల్లలు అన్నిటికీ సున్నా పెట్టేస్తారు.

స్కాలర్‌షిప్ భయం ఉంటే అదీ చెప్తా. ఆ సంవత్సరానికి ఇచ్చింది గాయం పేరుతో మధ్యలో తగ్గించకూడదని ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) నియమం. చదువుకి కూడా ఒక ప్లాన్ ఉండాలి, క్లాసులకి మెల్లగా తిరిగి వెళ్లడానికి. ఉందా మీ పిల్లకి?

డబ్లిన్_నాన్న
ఉందేమో తెలీదు. ఇన్ని రోజులు ఆట ఎప్పుడు మొదలవుతుందని మాత్రమే అడిగాను. రాస్తుంటే నాకే సిగ్గుగా ఉంది.

వాణి_క్లినిక్
సిగ్గెందుకు, అందరూ అదే అడుగుతారు. ఇంకొకటి. చీకటి గదిలో పడుకోబెట్టే కాలం పోయింది. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి చాలు, తర్వాత లక్షణాలు బాగా పెరగనంత మేర నడక, సైకిలు మొదలుపెడితేనే త్వరగా కోలుకుంటారు. ఆట మాత్రం మెట్టు మెట్టుగా, ఆరు మెట్లు, ఒక్కోదానికి కనీసం ఒక రోజు. రోజూ టీమ్‌తో తిరిగే పిల్లని మూడు వారాలు గదిలో ఒంటరిగా ఉంచితే దెబ్బ తగలకపోయినా దిగులొస్తుంది. నడుస్తోందా అసలు?

డబ్లిన్_నాన్న
"రెస్ట్ తీసుకో తల్లీ, కదలకు" అని రోజూ చెప్పింది మేమే.

కాకినాడ_కుర్రోడు
ఈ టెస్టులు తెలుగులో ఉన్నాయా? నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషులో 15 మాటలు చదివితే నాకు దెబ్బ తగలకుండానే ఏడే గుర్తుంటాయి.

వాణి_క్లినిక్
చాలా మంచి ప్రశ్న. బాగా వచ్చిన భాషలో పెట్టకపోతే మెదడు మందగించిందో, భాష అడ్డొచ్చిందో తెలియదు. తెలుగులో కొన్ని పరీక్షలు ఉన్నాయి, అవి ఎక్కువగా పెద్దవయసు మతిమరుపు కోసం చేసినవి. 20 ఏళ్ల కబడ్డీ కుర్రాడికి వాటిని అలాగే వాడలేం. నెలల పేర్లు వెనక్కి చెప్పమనే చిన్న పరీక్ష ఉంది, అది ఏ భాషలోనైనా అడగొచ్చు.

బాబాయ్_కామెంటరీ
డిసెంబర్, నవంబర్, అక్టోబర్... జులై దాకా వచ్చి ఇరుక్కుపోయాను. నాకు ఏ దెబ్బా తగల్లేదు, పెళ్లి తప్ప.

గుంటూరు_గిరిజ
తెలుగు నెలలు వెనక్కి చెప్పండి చూద్దాం.

కాకినాడ_కుర్రోడు
ముందుకే రావు గిరిజ గారూ.

కబడ్డీ_శీను
మా పిల్లల చేత చేయిస్తాను ఇక. టోర్నమెంట్‌కి ముందే ఒక నోటుబుక్‌లో రాసుకుంటా, ఎవడు ఎన్ని సెకన్లలో చెప్పాడో, ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడ్డాడో. వాణి మేడమ్, ఇది పనికొస్తుందా, లేక నా పిచ్చా?

వాణి_క్లినిక్
దాన్ని చూసి ఎవరినీ తిరిగి ఆడించొద్దు. ఆపడానికి మాత్రం పనికొస్తుంది. అనుమానం వస్తే ఆ రోజుకి ఆట బంద్. మళ్లీ మళ్లీ వాంతులు, పెరిగిపోతున్న తలనొప్పి, ఫిట్స్, కాలో చెయ్యో తిమ్మిరి, మగత ఉంటే నోటుబుక్ పక్కన పడేసి ఆసుపత్రికి. నోటుబుక్‌లో ఇంకో గడి కూడా పెట్టండి: వాడు మామూలుగా ఎలాంటి పిల్లాడు. వాగుడుకాయా, మౌనమా, కోపిష్టా.

కబడ్డీ_శీను
పెట్టాను. మొదటివాడి పేరు ఎదురుగా "వాగుడుకాయ, అన్నం దగ్గర కోపం" అని రాశా.

డబ్లిన్_నాన్న
పదిహేను రోజుల తర్వాత వస్తున్నాను, అందరూ అడిగారు కాబట్టి.

పరీక్ష అయింది. సంతకం తనే పెట్టింది, "నాన్నకి ఇంతే చెప్పండి" అని గీత గీసి మరీ. నాకు చెప్పినంతవరకు: జ్ఞాపకం బాగానే ఉంది, వేగం కొంచెం తక్కువ, కళ్లకి కొన్ని వ్యాయామాలు ఇచ్చారు. దిగులు ఉంది. అది దెబ్బకి ముందు సంవత్సరం నుంచే కొద్దికొద్దిగా ఉందట. మాకు తెలీదు. ఆగస్టులో బేస్‌లైన్ రోజు కూడా సరిగ్గా నిద్రపోకుండానే రాసిందట, అంటే "అప్పటికి దగ్గరగా వచ్చింది" అని మేం సంబరపడింది ఆ నిద్రలేని స్కోరుకి. వారానికోసారి కౌన్సెలర్. రోజూ అరగంట నడక. ఈ సీజన్ ఆడదు, ఆ మాట తనే చెప్పింది, చెప్పాక కాస్త తేలికపడినట్టు అనిపించింది.

మా ఆవిడ రికార్డు మాట మళ్లీ ఎత్తలేదు. నిన్న రాత్రి పిల్లే ఫోన్ చేసింది. నెలలు వెనక్కి చెప్పమన్నారని, ఇంగ్లీషులో గడగడా చెప్పేశానని అంది. తెలుగులో చెప్పు చూద్దాం అన్నాను. ఫాల్గుణం, మాఘం, పుష్యం అని ఆగిపోయింది. నువ్వు చెప్పు అంది. నేను మార్గశిరం, కార్తీకం దాకా లాక్కొచ్చి ఆగాను. వంటింట్లోంచి వాళ్లమ్మ మిగతా ఏడూ చెప్పేసింది.

బాబాయ్_కామెంటరీ
ఇంట్లో బేస్‌లైన్ ఎవరిదో తేలిపోయింది సార్.